ఆటిజం ఉన్న బిడ్డ పెద్దయ్యాక ఎలా ఉండాలి? ఇంటి నుంచి మొదలుపెట్టే సమగ్ర మార్గదర్శి

థెరపీ సెంటర్ బెంచీ మీద కూర్చున్న తల్లులు మొదటి రోజు అడిగే మాట ఒకటే: "మా బాబుకి మాటలు ఎప్పుడొస్తాయండీ?" నేనూ అదే అడిగాను. అప్పుడు మావాడికి మూడేళ్లు. ఇప్పుడు ఇరవై నాలుగు. మొదటి పదేళ్లూ మాటల కోసం, మార్కుల కోసం, మామూలు పిల్లల్లో కలిసిపోవడం కోసం పరిగెత్తాం. పెద్దయ్యాక వాడి రోజు ఎలా గడుస్తుంది, ఎవరితో నవ్వుతాడు, కడుపులో నొప్పి వస్తే ఎవరికి ఎలా చెబుతాడు అన్నది మాకు తట్టనే లేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. మన ఊళ్లలో సెంటర్లన్నీ చిన్నపిల్లల కోసమే. బోర్డు మీద కూడా చిన్నపిల్లల బొమ్మలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. వాళ్లంతా పిల్లలు కారు. ఇది మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. పుట్టుకతో వస్తుంది, జీవితాంతం ఉంటుంది. మీ పెంపకం వల్ల రాలేదు, టీకాల వల్ల రాలేదు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూడటం వల్ల అంతకంటే రాలేదు. మందుతో పోయేది కాదు కాబట్టి, దాంతోనే బాగా బతకడం ఎలాగో చూడాలి. మళ్లీ మొదటినుంచి చేసే అవకాశం వస్తే నేను ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే రాస్తున్నాను. మీ బిడ్డకి ఇప్పటికే పదిహేనో ఇరవయ్యో ఉన్నా ఒకటో మెట్టు నుంచే మొదలుపెట్టండి. ఆలస్యమైందని ఏ మెట్టూ వదలొద్దు.

1. ఒక నోట్‌బుక్ కొనండి, రెండు వారాలు రాయండి

వంద పేజీల నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి. టైము, అంతకు ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది. మీ అభిప్రాయం మాత్రం రాయొద్దు. "మొండి చేశాడు" అని రాస్తే ఏమీ తెలియదు. "చెవులు మూసుకున్నాడు, గోడకి తల కొట్టుకున్నాడు, ఎనిమిది నిమిషాలు" అని రాస్తే తెలుస్తుంది.

ఏడేళ్లప్పుడు మావాడు రోజూ సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో సరిగ్గా అదే చేసేవాడు. మా అత్తయ్య దిష్టి తీసేవారు. నేను ఏడ్చేదాన్ని. పన్నెండో రోజు నోట్‌బుక్ తిరగేస్తుంటే, మధ్యలో రెండు సాయంత్రాలు ఏ గొడవా లేదని కనిపించింది. ఆ రెండు రోజులూ ఆ టైముకి కరెంటు లేదు. కరెంటుకీ వీడి ఏడుపుకీ ఏంటి సంబంధం అనుకుంటూ మా ఆయన మర్నాడు ఏడున్నరకి మెట్ల కింద నిలబడ్డారు. వాచ్‌మన్ బోరు మోటారు వేశాడు. మాకు వినిపించీ వినిపించనట్టుండే ఆ సన్నటి కూత వాడి చెవిలో సూదిలా దిగుతోందన్నమాట. నలుగురితో మాట్లాడి మోటారు టైము మధ్యాహ్నం మూడింటికి, వాడు స్కూల్లో ఉండే టైముకి, మార్పించాం. నాలుగు నెలల "మొండితనం" మూడు రోజుల్లో ఆగిపోయింది.

ప్రతి సమస్యా ఇంత సులువుగా తేలదు. కానీ ఎక్కడ వెతకాలో తెలియాలి. శబ్దం, వెలుతురు, వాసన, ఒంటికి తగిలేవి, నోట్లో మెత్తదనం గరుకుదనం. ఆటిజం ఉన్న చాలామందికి ఇవి మనకంటే బాగా ఎక్కువగానో బాగా తక్కువగానో తెలుస్తాయి. చొక్కా మెడ వెనక లేబుల్ గుచ్చుకోవడం, వంకాయ కూర నాలుక మీద జారడం, ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమనడం, ఇవన్నీ వాళ్లకి నిజంగానే భరించలేనివి కావచ్చు. కొందరికి తద్భిన్నంగా గట్టిగా హత్తుకోవడం, ఊగడం, గంతులేయడం కావాలి. లేబుల్ కత్తిరించండి, బల్బు మార్చండి, ఇంట్లో ఉయ్యాల కట్టండి. చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్ లాంటి ఇయర్‌మఫ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెళ్లిళ్లకి, వినాయక నిమజ్జనానికి, దీపావళికి అవి సంచీలో ఉండాల్సిందే.

చేతులు ఆడించడం, ఊగడం లాంటివి ఆపించొద్దు. వాటితోనే వాళ్లు తమని తాము కుదుటపరచుకుంటారు. ఒంటికి దెబ్బ తగిలేదైతే మాత్రం దాని బదులు ఇంకోటి ఇవ్వాలి. "చేతులు కిందికి!" అని మేము వందలసార్లు అరిచాం. ఆ అరుపుల్లో ఒక్కటి కూడా అవసరం లేదని ఇప్పుడు తెలుసు.

ఇక మెల్ట్‌డౌన్. మారాం చేసే పిల్లాడు మధ్యలో ఆగి మనం చూస్తున్నామా లేదా అని చూస్తాడు, కావలసింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న బిడ్డకి ఆ అదుపు ఉండదు. భారం తట్టుకోలేక మెదడు చేతులెత్తేసిన స్థితి అది. కొందరు అరవరు, బిగుసుకుపోయి మాట్లాడటం మానేస్తారు. అదీ అలాంటిదే. ఆ టైములో చేయాల్సినవి తక్కువే. చుట్టూ ఉన్నవాళ్లని పంపించేయండి, లైటు, టీవీ ఆపండి, ఒక్కరే మాట్లాడండి, అదీ రెండు ముక్కలే: "నేనిక్కడే ఉన్నాను." ప్రశ్నలు అడగొద్దు, ఇష్టం లేకుండా పట్టుకోవద్దు. తగ్గాక నీళ్లివ్వండి. తర్వాత తిట్టడం, శిక్షించడం వద్దే వద్దు.

2. మనసులో మాట చెప్పే దారి చూపించండి

మాటలు రావడం, మనసులో ఉన్నది చెప్పగలగడం వేర్వేరు. రైమ్స్ అన్నీ అప్పజెప్పి "నొప్పి" అని చెప్పలేని పిల్లలున్నారు. ఒక్క మాట లేకుండా బొమ్మల కార్డులతో తనకేం కావాలో తేల్చి చెప్పే పెద్దవాళ్లున్నారు. రెండో వాళ్ల జీవితం ఎక్కువ నెమ్మదిగా సాగడం నేను కళ్లారా చూశాను.

బొమ్మలు అలవాటు చేస్తే మాటలు రావేమో అన్న భయం మన ఇళ్లలో చాలా ఉంది. అది నిజం కాదు. బొమ్మలు, సైగలు, యాప్‌లు వాడటం వల్ల మాట ఆగిపోయినట్టు పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. పైగా చాలామందిలో మాటకి ఊతమైంది. బొమ్మ నొక్కితే మాట పలికే జెల్లో యాప్ ఐఐటీ బాంబే తయారుచేసింది, ఉచితం. ఫోన్ వద్దనుకుంటే మీ ఇంటి కంచం, బాత్రూమ్ తలుపు, స్కూల్ బ్యాగు ఫొటోలు తీసి, ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి కీచైన్ రింగుకి గుచ్చండి. పెద్ద ఖర్చేం కాదు.

మొదట ఏ మాటలు నేర్పాలి? రంగుల పేర్లు, జంతువుల పేర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇవి: వద్దు, ఆపు, ఇంకా కావాలి, నొప్పి, సాయం చెయ్యి, బాత్రూమ్, కాసేపు ఒంటరిగా ఉంటాను. "వద్దు" అన్నప్పుడు, ప్రాణం మీదికి రానిదైతే, నిజంగానే ఆపేయండి. తన "వద్దు"కి ఇంట్లో విలువ ఉందని తెలిసిన బిడ్డే రేపు బయటివాళ్లు చెయ్యి వేస్తే వద్దనగలుగుతాడు.

భాష సంగతి. ఒక్క భాషే మాట్లాడండి, అదీ ఇంగ్లీషైతే మంచిది అని మాకు చెప్పారు. రెండేళ్లు ఇంట్లో అందరం వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటూ గడిపాం. మా అత్తయ్య మనవడితో మాట్లాడటమే మానేశారు. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లలకి చెరుపు చేస్తుందనడానికి ఆధారం లేదు. మీ నోటికి సహజంగా వచ్చే తెలుగులోనే మాట్లాడండి. లాలి పాటైనా, కోపమైనా, ముద్దైనా ఆ భాషలోనే కదా నిండుగా వచ్చేది.

ఇంకో మాట. "నీకు అన్నం కావాలా?" అని మనం అడిగిన మాటనే తిరిగి "నీకు అన్నం కావాలా?" అంటాడు. వెక్కిరించడం కాదది, "నాకు ఆకలేస్తోంది" అని దాని అర్థం. "ఓ, నాకు అన్నం కావాలి అంటున్నావా, ఇదిగో" అంటూ సరైన రూపం వినిపించి కంచం పెట్టండి. "సరిగ్గా చెబితేనే ఇస్తా" అని పంతం పట్టొద్దు.

3. రోజు ఎలా సాగుతుందో కంటికి కనిపించాలి

తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోవడం ఈ పిల్లలకి, పెద్దలకి ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. గోడకి ఒక అట్ట పెట్టండి. లేవడం, పళ్లు తోముకోవడం, టిఫిన్, స్కూలు లేదా పని, ఆట, భోజనం, నిద్ర. చదవడం వస్తే రాతతో, రాకపోతే ఫొటోలతో. అయిపోయినదాన్ని తీసి డబ్బాలో వేయాలి. మా ఇంట్లో ఈ పని చేసేది పెద్ద అంకెల తెలుగు క్యాలెండర్. మావాడు రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిని నీలం పెన్నుతో కొట్టేసి, రేపటి గడి మీద వేలు పెట్టి నా వైపు చూస్తాడు. రేపేమేం ఉన్నాయో చెప్పాలి. చెబితేనే నిద్ర.

అట్ట పెట్టారు కదా అని రోజు రాయిలా మారకుండా ఉండకూడదు. మన దగ్గర కరెంటు పోతుంది, బంద్ వస్తుంది, పిలవకుండా చుట్టాలొస్తారు. అందుకని "ప్లాన్ మారింది" అని ఒక కార్డు చేసి, మొదట మంచి మార్పులకే వాడండి. హోంవర్క్ బదులు ఐస్‌క్రీమ్. ఆ కార్డంటే భయం పోయాక చిన్న చికాకులకి, ఆ తర్వాత పెద్దవాటికి. మాకు రెండేళ్లు పట్టింది, కానీ లాక్‌డౌన్‌లో ఆ కార్డే మమ్మల్ని కాపాడింది.

పెళ్లికి వెళ్లాలంటే ముందు రోజు ఫంక్షన్ హాల్ ఫొటో చూపించండి. వెళ్లగానే కూర్చోవడానికి నిశ్శబ్దమైన గది ఏదో కనుక్కోండి. అక్షింతలు వేసి, భోంచేసి, బ్యాండ్ మొదలవకముందే వచ్చేయండి. చుట్టాలు ఏమనుకుంటారో అన్న బెంగ మొదటి మూడు పెళ్లిళ్లకే ఉంటుంది.

4. ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం

ప్రవర్తన హఠాత్తుగా మారితే మొదట డాక్టరు దగ్గరికి వెళ్లండి, థెరపిస్టు దగ్గరికి తర్వాత. పిప్పి పన్ను, చెవిపోటు, మలబద్ధకం, గ్యాస్, నిద్ర లేకపోవడం. చెప్పలేని మనిషి దాన్ని కొట్టడంగానో కొరకడంగానో చూపిస్తాడు. "ఆటిజమే కదా, ఇలాగే ఉంటారు" అని చెకప్ చేయకుండా పంపేసిన డాక్టరు మాకూ తగిలారు. అలాంటప్పుడు ఇంకొకరి దగ్గరికి వెళ్లడమే. పళ్ల డాక్టరు కుర్చీ అలవాటు కావడానికి, ఏ వైద్యమూ లేని రోజున ఊరికే వెళ్లి కూర్చుని వచ్చేలా రెండు మూడు సార్లు తీసుకెళ్లండి.

ఫిట్స్ గురించి తెలిసి ఉండాలి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ ఎక్కువ, అప్పటిదాకా లేనివాళ్లకి కూడా టీనేజీలో మొదలవచ్చు. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం మానేయండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఇల్లు దాటి వెళ్లిపోయే అలవాటుంటే మెడలోనో చేతికో ఫోన్ నంబరు ఉండాలి. నీళ్లంటే ఆకర్షణ చాలామందికి ఉంటుంది. కాలువలు, చెరువులు, బావులున్న ఊళ్లో ఉండేవాళ్లు ఈత నేర్పించడాన్ని థెరపీలన్నిటికంటే ముందు పెట్టండి.

ఎదిగే వయసు గురించి ఎనిమిదీ తొమ్మిదేళ్లకే మొదలుపెట్టాలి. ఆడపిల్లకి నెలసరి రాకముందే ప్యాడ్ ఎలా ఉంటుందో, ఎలా పెట్టుకోవాలో, ఎక్కడ పారేయాలో బొమ్మలతో చూపించి, ఖాళీ రోజుల్లో కాసేపు పెట్టుకునేలా చేయండి. మగపిల్లాడికి గెడ్డం గీసుకోవడంతో పాటు, ఏ పని తన గదిలో తలుపు వేసుకుని చేసుకోవాలో, ఏది నలుగురిలో చేయకూడదో సూటిగా చెప్పాలి. సిగ్గుపడి డొంకతిరుగుడుగా చెబితే వీళ్లకి అర్థం కాదు. ఎవరు ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది ఆడా మగా ఇద్దరికీ నేర్పాలి.

మనసు సంగతి కూడా అంతే. ఆందోళన, డిప్రెషన్ ఆటిజం ఉన్నవారిలో ఎక్కువ. ఇష్టమైన పని మానేయడం, వచ్చిన పనులు కూడా చేయలేకపోవడం, నిద్ర తలకిందులవడం కనిపిస్తే సైకియాట్రిస్టుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీకూ పనికొస్తుంది. రాత్రి రెండింటికి ఎవరితోనైనా మాట్లాడాలనిపించే రోజులు అమ్మలకీ నాన్నలకీ ఉంటాయి.

ఇక "నయం చేస్తాం" అనేవాళ్లు. ఒక పెద్ద సెంటరు మాకు స్టెమ్ సెల్స్ అని లక్షల్లో ప్యాకేజీ చెప్పింది. పొలం అమ్ముదామనుకున్నాం కూడా. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయలేమని తేల్చి చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రాణాలకే ముప్పు. ఎన్ని నెలల్లో నయమవుతుందో గ్యారంటీ ఇచ్చేవాళ్ల గుమ్మం ఎక్కకండి. ఆ డబ్బు బిడ్డ పేరు మీద బ్యాంకులో వేయండి.

5. ఒక్కో పనినీ చివరి నుంచి నేర్పండి

చాలామంది తల్లులం ప్రేమతో అన్నీ మనమే చేసేస్తాం. పదిహేనేళ్లొచ్చాక కూడా తలకి నూనె రాసి, చొక్కా గుండీలు పెట్టి పంపిస్తాం. ఏడాదికి రెండు పనులు చొప్పున నేర్పినా ఇరవై ఏళ్లకి నలభై పనులవుతాయి కదా.

పద్ధతి ఇది. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి రాసుకోండి. మొత్తం మీరే చేసి, చివరి ముక్క మాత్రం బిడ్డతో చేయించండి. గుండీలైతే అన్నీ మీరు పెట్టి, ఆఖరి గుండీ సగం దూర్చి, లాగడం వాడికి వదిలేయండి. పని పూర్తి చేశానన్న సంతోషం మొదటి రోజే దొరుకుతుంది. అది వచ్చాక దాని ముందు ముక్క, ఆ తర్వాత దాని ముందుది. చెయ్యి పట్టుకుని చేయించడం నుంచి వేలితో చూపించడానికి, అక్కడి నుంచి ఊరికే పక్కన నిలబడటానికి మెల్లగా తగ్గండి.

అన్నం వండటం నేర్పేటప్పుడు నాకు జ్ఞానోదయమైంది. "బియ్యం మునిగి, పైన వేలి గణుపు దాకా నీళ్లు పొయ్యి" అన్నాను. వాడు ఒక్కో వేలికీ ఉన్న ఒక్కో గణుపూ చూసుకుంటూ నిలబడిపోయాడు. ఏ వేలు, ఏ గణుపు? "కొంచెం", "కాస్త", "సరిపడా" అన్న మాటల మీదే మన వంటంతా నడుస్తుంది. వాటితో వాడికి పని జరగదు. స్టీలు గ్లాసుకి ఎర్ర టేపు అంటించాను. ఎర్ర గీత దాకా బియ్యం ఒకసారి, ఎర్ర గీత దాకా నీళ్లు రెండుసార్లు, కరెంటు కుక్కర్ మీట కిందికి. మూడో వారానికి నేను వంటింట్లోకే వెళ్లలేదు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నం వాడిదే. నాకంటే పొడిపొడిగా వస్తుంది.

ఇదే తీరులో బకెట్టు స్నానం, బట్టలు మడతపెట్టడం, తలుపు తాళం, కూరగాయల కొట్టు, ఆటో, బస్సు. డబ్బు మాత్రం నోట్లతోనే మొదలుపెట్టండి. ఫోన్లో కొట్టే డబ్బు కంటికి కనిపించదు. తర్వాత యూపీఐ నేర్పినా తక్కువ డబ్బున్న విడి ఖాతాతోనే.

6. ఇష్టాన్ని పట్టుకుని ముందుకి

ఫ్యాన్లు, బస్సు నంబర్లు, రైళ్ల టైములు, మ్యాపులు, దేవుడి స్తోత్రాలు. ఒక్కదాని మీదే ధ్యాస అని దాన్ని మాన్పించాలని చూస్తాం. అది మనిషికి ఆనందం ఇచ్చే చోటు. చదువు, స్నేహం, పని మూడింటికీ తలుపు అక్కడే ఉంటుంది. మావాడికి బస్సులు. బస్సు టిక్కెట్లతోనే కూడికలు నేర్చుకున్నాడు, బస్టాండులోనే నలుగురు కండక్టర్లు స్నేహితులయ్యారు. స్నేహమంటే కబుర్లు చెప్పుకోవడమే కానక్కర్లేదు. పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం కూడా స్నేహమే.

ఆటిజం ఉన్నవారికి ఎదుటివాళ్ల మనసు తెలియదని అంటారు. ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో దీన్ని తిరగేసి చెప్పాడు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది, వాళ్లకి మనం ఎంత తెలియదో మనకీ వాళ్లు అంతే తెలియదు. ఇది చదివాక నేను బస్టాండుకి వాడిని మార్చడానికి వెళ్లడం మానేసి, వాడు చూసేది చూడటానికి వెళ్లడం మొదలుపెట్టాను.

చదువులో పదో తరగతి ఒక్కటే దారి కాదు. జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్) లేదా రాష్ట్ర ఓపెన్ స్కూల్‌లో సబ్జెక్టులు ఎంచుకుని, ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు టైము అడగవచ్చు, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ.

పనిలో పెట్టేముందు ఆ చోటు చూడండి: శబ్దం ఎంత, పని రోజూ ఒకేలా ఉంటుందా, ఎవరి దగ్గర చెప్పుకోవాలి. మొదట రెండు గంటలు, మీరో ట్రైనరో పక్కన ఉంటూ. చెప్పాల్సినవి నోటితో కాకుండా రాసి ఇవ్వమని యజమానిని అడగండి. జీతం ఎంత తక్కువైనా చేతికే ఇవ్వాలి, ఏం కొనుక్కోవాలో తనే చెప్పాలి. మావాడు ప్రింటింగ్ షాపులో కాగితాలు లెక్కపెట్టి కట్టలు కడతాడు, రోజుకి నాలుగు గంటలు. మొదటి జీతంతో నాకు గొడుగు కొన్నాడు. అప్పటికి వర్షాకాలం రావడానికి ఇంకా మూడు నెలలుంది.

7. కాగితాల పని

దీన్ని వాయిదా వేస్తే తర్వాత చాలా ఇబ్బంది. అందుకే వరసగా చెబుతాను.

మొదట సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్. మీసేవలోనో సచివాలయంలోనో స్లాటు తీసుకుంటే ప్రభుత్వాసుపత్రి క్యాంపులో పరీక్షిస్తారు. ఆటిజానికి ఐశా అనే 40 అంశాల స్కేలు వాడతారు, దీన్ని మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఆధ్వర్యంలోనే తయారుచేశారు. క్యాంపుకి మీ నోట్‌బుక్, రెండు చిన్న వీడియోలు పట్టుకెళ్లండి. కొత్త చోట బిడ్డ మౌనంగా కూర్చుంటే "బాగానే ఉన్నాడే" అనేసే ప్రమాదం ఉంది. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, కూడా తీసుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో 1 శాతం, ఆటిజం సహా కొన్ని వైకల్యాలకి కలిపి కేటాయించారు.

చిన్నపిల్లలకి జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ అనే తొలిదశ చికిత్స కేంద్రాల్లో, మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఉచితంగా థెరపీ దొరుకుతుంది. ప్రైవేటు సెంటరు తలుపు తట్టేముందు ఇక్కడ అడగండి.

తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ముందస్తు వైద్య పరీక్షలు లేకుండా. థెరపీ బిల్లులు కూడా కొంత వరకు వస్తాయి. ఏటా రెన్యువల్ మరిచిపోవద్దు. పింఛను: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000, తెలంగాణలో 2023లో 4,016కి పెంచారు. ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవారికి 75 వేలు, వైకల్యం 80 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 1.25 లక్షల మినహాయింపు ఉంది.

పద్దెనిమిది నిండిన రోజు చట్టం దృష్టిలో బిడ్డ మేజర్. బ్యాంకులో "మీ సంతకం చెల్లదు" అన్నప్పుడే చాలామందికి ఇది తెలుస్తుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి గార్డియన్‌షిప్ (చట్టబద్ధ సంరక్షకుల హోదా) కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే అందరికీ ఇది అవసరం లేదు. కొంచెం సాయంతో తన నిర్ణయాలు తనే తీసుకోగల మనిషి హక్కుని మనమెందుకు తీసుకోవాలి? ప్రభుత్వోద్యోగులు మాత్రం సర్వీసులో ఉండగానే ఫ్యామిలీ పింఛను కోసం బిడ్డ పేరు, వైకల్యం రికార్డుల్లో రాయించండి.

8. పెద్దయ్యాక తెలుసుకున్నవారికి

కొందరు బాగా చదివి, ఉద్యోగాలు చేస్తూ, తమ బిడ్డకి ఆటిజం అని తెలిసిన రోజున "ఇవన్నీ నాకూ ఉన్నాయే" అని గుర్తుపడతారు. ముఖ్యంగా ఆడవాళ్లు. చిన్నప్పటినుంచి ఇతరుల్ని చూసి నవ్వడం, కళ్లలోకి చూడటం బలవంతంగా నేర్చుకుని నెట్టుకొస్తారు. ఆ నటనకి ఖరీదు విపరీతమైన అలసట. మీరు అలాంటివారైతే, పెద్దవాళ్లని పరీక్షించే క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. ఆఫీసులో అందరికీ చెప్పనక్కర్లేదు. పనులు మెయిల్‌లో రాసి పంపమనడం, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం లాంటివి కారణం చెప్పకుండానే అడగవచ్చు. వారంలో ఒక సాయంత్రం ఎవరినీ కలవకుండా ఉంచుకోండి.

పెళ్లి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్న మాట విని, దాచిపెట్టి చేసిన పెళ్లిళ్ల వల్ల రెండు జీవితాలు నలిగిపోయాయి. తోడు కావాలని ఆ మనిషే కోరుకుంటే, అర్థం చేసుకునే వయసూ మనసూ ఉంటే, అవతలివాళ్లకి అన్నీ చెప్పి చేయండి. తల్లిదండ్రుల తర్వాత చూసుకోవడానికి ఒక మనిషి కావాలి కాబట్టి పెళ్లి చేయడం మాత్రం అన్యాయం.

9. "మేం పోయాక?"

ఈ ప్రశ్నకి భయపడి దాన్ని పక్కన పెట్టకండి. చేయాల్సిన పనులున్నాయి.

ఏడాదికి కొన్ని రాత్రులైనా మీరు లేకుండా గడిపేలా అలవాటు చేయండి. మొదట అమ్మమ్మ ఇంట్లో ఒక రాత్రి, తర్వాత పిన్నిగారింట్లో రెండు. మీరు పోయిన రోజే మొదటిసారి వేరే మంచం మీద పడుకోవాల్సి రావడం ఎంత నరకమో ఊహించండి. తోడబుట్టినవాళ్లతో నిజం మాట్లాడండి. "నువ్వే చూసుకోవాలి" అని ఐదేళ్ల చెల్లెలి నెత్తిన పెట్టొద్దు. పెద్దయ్యాక, నువ్వు ఎంతవరకు చేయగలవు అని అడగండి. దగ్గర ఉంచుకోలేకపోయినా లెక్కలు చూడగలదేమో. వీలునామా రాయండి. ఆస్తి నేరుగా బిడ్డ పేర రాసేకంటే ట్రస్టు పెట్టడం మేలా అని లాయర్‌ని అడగండి. ఇలాంటివాళ్లు కొందరు కలిసి ఉండే గ్రూప్ హోములు చూడాలంటే మీరు ఆరోగ్యంగా ఉండగానే వెళ్లి, చెప్పకుండా వెళ్లి, అక్కడున్నవాళ్ల ముఖాలు, బాత్రూములు, వంటిల్లు చూడండి.

అన్నిటికంటే ముఖ్యం ఒక పుస్తకం. మీరు తప్ప ఎవరికీ తెలియనివన్నీ అందులో రాయండి. ఏ మందు ఎంత, ఏ వైపు తిరిగి పడుకుంటాడు, భయం వేస్తే ఏం చేస్తాడు, ఏ పాట పెడితే కుదుటపడతాడు, ఎవరంటే ఇష్టం, ఏ మాట అంటే బాధపడతాడు. ఫొటోలు పెట్టండి. బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి రాయండి.

మేం ఆ పుస్తకాన్ని ఏటా ఉగాది నాడు తీసి సరిచేస్తాం. మొన్న ఉగాదికి నేను పచ్చడి కలుపుతుంటే మావాడే అల్మారాలోంచి తీసి తెచ్చి, నాలుగో పేజీ తిప్పాడు. "ఇష్టమైన టిఫిన్" దగ్గర నేను పదేళ్ల కింద రాసిన ఇడ్లీని నీలం పెన్నుతో కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో పెసరట్టు అని రాసుకున్నాడు.